నూకమ్మ బట్టీ కాడ పిలుపు

కవిటి నుంచి మా ఊరొచ్చే తోవలో, జీడితోట అంచున, మూతబడిన జీడిబట్టీ ఒకటుంది. నూకమ్మ బట్టీ అంటారు. అక్కడ జీడిగింజలు కాల్చిన నూకమ్మ ఎండిపోయి, పచ్చబడిపోయి సచ్చిపోనాది. పొద్దుగూకాక అటెల్లినోడిని పిలుస్తాదట... పిలిత్తే ఇంక మూడు నెల్లేనట. ఆటోవోళ్ళు అక్కడ హారన్ కొట్టుకుంటూ ఎల్లిపోతారు. నాకైతే ఈ మాటింటే ఒళ్ళు మండిపోద్ది. అయినా జరిగింది సెప్తాను, ఇనండి.

నీలకంఠం మావ కొబ్బరికాయలు దింపించి, ఓ రేత్రి నడిచొత్తన్నాడు. నూకమ్మ ఆయనకి సొంత అప్ప, తోడబుట్టిన అక్క. బట్టీ కాడికొచ్చీసరికి — పైన రేకు కదిలినట్టయినాదట. గాలి లేదు. మెల్లగా...

"ఒరే తమ్ముడా..."

పరిగెత్తి ఇంటికొచ్చి పడ్డాడు. అప్ప పిలిసినాది అన్నాడు, అంతే. మిగతా మాట ఎవరు సెప్పనిచ్చారు గనక? మావ పెళ్ళాం తవిటమ్మత్త ఏడుపందుకున్నాది. పక్కింటి ఎర్రమ్మ ముసల్ది దిష్టి తీసినాది.

ఆ నెల నుంచీ నడుం నొప్పి. పడుకుంటే ఎక్కువ, ముందుకు ఒంగి కూసుంటే కాస్త నయం. అన్నం సయించదు. ఇంటికో కిడ్నీ రోగమున్న ఈ ఉద్దానంలో నడుం నొప్పంటే కిడ్నీ తప్ప ఇంకోటి తోస్తాదా మాకు? రక్తం తీయించాం. క్రియాటినిన్ బాగుంది. కిడ్నీ కాదు గనక అసలు రోగమే కాదనీసుకున్నారు. అయితే ఇది నూకమ్మ పనే అన్నారు.

నాకు అనుమానమే. బతికున్నప్పుడు తమ్ముడికి పెట్టకుండా ముద్ద ముట్టని మనిషి, సచ్చాక తమ్ముణ్ణే తింటాదేటి? నా మాటెవరింటారు! తాయెత్తు కట్టారు. కొత్తగా సుగర్ వచ్చిందంటే, భయానికొచ్చిందన్నారు. కళ్ళు పచ్చబడి ఒళ్ళంతా దురదెడితే పసరు పోసారు. రెండు నెల్లు అలా పోనాయి.

ఆఖరికి నానే పోట్లాడి విశాఖపట్నం తీసుకెళ్ళాను. స్కాన్‌లో కనబడినాది — కడుపు వెనకాల, క్లోమం మీద గెడ్డ. కేన్సర్. ముందు కామెర్లు దిగడానికి లోపల గొట్టం ఏత్తారట, తర్వాత కీమో, గెడ్డ తగ్గితే ఆపరేషన్. రక్తనాళాన్ని పట్టుకుంది, రెండు నెల్లు ముందు రావల్సింది అన్నాడు డాక్టరు. ఆయన మాటలో కోపం లేదు, అందుకే నాకు భయమేసినాది. తర్వాత అడిగాడు — మీ ఇంట్లో ఇలా ఎండిపోయి, పచ్చబడి పోయినోళ్ళు ఎవరైనా ఉన్నారా?

మావ కళ్ళనిండా నీళ్ళెట్టుకుని, అప్పుడు సెప్పినాడు ఆ మిగతా మాట.

"అప్ప నన్ను రమ్మన్లేదు... 'కడుపు సూపించుకోరా' అన్నాది."

ఆవిడదీ ఇదే అయ్యుండొచ్చు, రక్తసంబంధం ఉన్నోళ్ళు కూడా పరీక్ష సేయించుకోండన్నాడు డాక్టరు.

మావకి తోడు అత్తని ఆస్పత్రిలో ఉంచి, నానొక్కత్తినే తిరిగొచ్చిన రేత్రి బట్టీ కాడ ఆటో ఆపించి దిగీసాను. ఆటోవోడు ఉండనని ఎల్లిపోనాడు. నాకేటి భయం... నూకమ్మ నన్ను కన్నతల్లి. నాకు పేరెట్టింది కూడా ఆవిడే.

ఏటీ అనకే అమ్మా, అని మొక్కుకుంటూ నిలబడ్డాను. సానాసేపు ఏటీ లేదు. ఊపిరి పీల్చుకుని అడుగేసాను.

రేకు కదిలినాది.

"పావనీ..."