సీసా లేని పాలు

కొండవాలు శరణార్థుల శిబిరంలో నర్సు మహఫూజా ఆపాకు రెండు గట్టి నమ్మకాలు. ఒకటి, త్రాసు అబద్ధమాడదు. రెండు, తల్లులు ఆడతారు.

అందుకే ఆ ఆషాఢ మధ్యాహ్నం, వానలో ఇసుక బస్తాల మెట్లెక్కి సెతారా గుడిసెకు వచ్చింది, పాలసీసా పట్టుకోవడానికి. సెతారాకు చుక్క పాలు లేవు. నెలన్నర కొడుకు అయాస్, ఆపా గిన్నెతో పట్టిన డబ్బాపాలు కక్కేస్తున్నాడు. రెండు వారాలు తగ్గుతూ వచ్చినవాడు ఈ వారం ఉన్నట్టుండి మూడువందల గ్రాములు పెరిగాడు. దొంగచాటుగా మురికినీళ్లతో కలిపిన సీసాపాలు తాగి, విరేచనాలతో పోయిన పిల్లల్ని ఆపా చాలామందినే చూసింది.

పక్క గుడిసె గుల్‌బహార్ ఖాలా వెంటే వచ్చింది. పిలవలేదు. ఖాలాను పిలవాల్సిన అవసరం శిబిరంలో ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

ఆపా బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కెలికింది. దుప్పటి దులిపింది.

"మా ఇంట్లోనూ ఇలాగే వెతికిపెట్టు ఆపా," అంది ఖాలా. "పోయిన నెల నుంచి నా సూది కనబడట్లేదు."

సీసా లేదు. చాప మాత్రం ఒక పక్క తడిసి ఉంది. పైన టార్పాలిన్ ఎక్కడా కారడం లేదు. చాప మీంచి ఉప్పునీటి వాసన వస్తోంది.

"ఎవరు పడుతున్నారే వీడికి పాలు?"

సెతారా ఖాలా వైపు చూసి తల దించుకుంది. ఆపా కళ్లతోనే ఖాలాను బయటికి పంపింది. ఖాలా మర్యాదగా బయటికెళ్లి, టార్పాలిన్‌కు చెవి ఆనించి నిలబడింది. ఈ సంగతి మనదాకా వచ్చింది అలాగే.

"మా తోడికోడలు దిల్దార్ వస్తోంది ఆపా."

నెల కిందట సరిహద్దు దాటుతుంటే, ఉప్పునీటి నాఫ్ నదిలో పడవ తిరగబడినప్పుడు పోయింది దిల్దార్. శవం కూడా దొరకలేదు. ఆమె చంటివాడు యూనుస్ మాత్రం సెతారా చేతికి చిక్కాడు.

"ఒడ్డుకొచ్చాక నాకున్నవి ఒక్క బిడ్డకు చాలే పాలు. నా వాడికే ఇచ్చుకున్నాను. యూనుస్ మూడో రోజుకి... ఏడవడం మానేశాడు. ఆ మర్నాడే నా పాలూ ఆగిపోయాయి." సెతారా గొంతు తగ్గించింది. "వీణ్ణి తన కొడుకే అనుకుంటోంది ఆపా. మనలో పాలిచ్చినామె తల్లే కదా. ఏదో ఒకరోజు ఎత్తుకుపోతుంది."

"అయితే నిజం చెప్పేయ్."

"చెబితే రావడం మానేస్తుంది. అప్పుడు వీడేం తాగి బతుకుతాడు?"

ఆపాకు ఇచ్చిన శిక్షణలో ఈ పాఠం లేదు. తాగే ముందొకసారి, తాగాక ఒకసారి తూచడం ఒక్కటే ఆమెకు తెలిసిన దారి. బిడ్డను వెంట తెచ్చిన త్రాసుకు వేలాడదీసి చూసింది. మూడు కిలోల వంద గ్రాములు. చాప మీద పడుకోబెట్టి, ఇద్దరూ చెరో వైపు కూర్చున్నారు.

వాన పెరిగింది. గుడిసెలో మిగిలిన కాస్త వెలుగూ తగ్గింది. ఎక్కడో తడి గుడ్డ నేలమీద ఈడ్చినట్టు చప్పుడు... దగ్గరగా వచ్చి ఆగింది. తలుపు కదల్లేదు.

అయాస్ తల ఒక పక్కకు తిరిగింది, పెదవులు తెరుచుకున్నాయి. గుటక. మరో గుటక.

పెదవి అంచున తెల్లగా ఒక చుక్క. ఆపా వేలితో తాకింది. వెచ్చగా ఉంది.

తర్వాత బిడ్డ తల చాప మీంచి లేచింది. భుజాలు లేచాయి. నడుము...

"తీసుకుపోతోంది," అని సెతారా రెండు చేతులతో వాడి పాదాలు పట్టుకుంది. "అక్కా... వీడు నీ వాడు కాదక్కా. నీ యూనుస్ కొండ మీద ఉన్నాడు. మట్టిలో. వాడికి నేనే... పాలివ్వలేదు."

గుటకలు ఆగాయి.

బిడ్డ మెల్లగా చాప మీదికి దిగాడు. ఉప్పు వాసన పోయింది.

అయాస్ ఏడుపు మొదలుపెట్టాడు. సెతారా రొమ్ము అందించింది. పీల్చి, వదిలేసి, ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఆపా గిన్నె పాలు పట్టింది. కక్కేశాడు. సాయంత్రం నమాజు పిలుపు వినిపించేసరికి వాడి గొంతు బొంగురుపోయింది. కాసేపటికి అదీ రాలేదు. నోరు మాత్రం తెరుచుకుని మూసుకుంటోంది. బయట ఖాలా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఏమీ అడగలేదు.

అప్పుడు మళ్లీ ఆ వాసన. ఈసారి ఉప్పుతో పాటు తవ్విన మట్టి వాసన కూడా.

అయాస్ తల పక్కకు తిరిగింది. ఇందాక తాగిన వైపు కాదు, రెండో వైపు. ఒక్కో బిడ్డకు ఒక్కో పక్క ఇవ్వమని కవలల తల్లులకు ఆపాయే చెబుతుంటుంది.

గుటక.

"తాగుతున్నాడు." సెతారా కళ్లు తుడుచుకుంది. "తెలిసీ ఇస్తోంది ఆపా. నన్ను క్షమించింది."

బిడ్డకు పాలు అందుతున్నాయో లేదో నర్సులు గుటకలు లెక్కపెట్టి తెలుసుకుంటారు. ఆ అలవాటు కొద్దీ ఆపా లెక్కపెడుతోంది. అయాస్ ఒక గుటక వేసి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ ఊపిరి సందులో... ఇంకో గుటక వినిపిస్తోంది.

వాడి పక్కనుంచే. చాలా రోజుల ఆకలి మీదున్న బిడ్డ వేసే గుటక.