వణికిన గీత

"అరెస్టు చేయాల్సింది ఒక ఫిజిక్స్ ట్యూషన్ టీచర్‌ని," అంది హారతి మేడమ్ ఢిల్లీ నుంచి. "చేతిలో ఆయుధం ఉండదు. నోటితోనే జాగ్రత్త."

ఏజెంట్ బ్రహ్మచారి ఫోన్‌ని చెవికి ఆనించుకుని సూరత్ రింగ్ రోడ్‌లో బట్టల మూటల మధ్య దారి చేసుకుంటున్నాడు. సర్వీసులో రెండు బుల్లెట్లు, ఒక విషం కలిపిన లస్సీ దాటొచ్చినవాడు. ట్యూషన్ టీచర్ కోసం తనను పంపడం అతనికి చిన్నతనంగానే ఉంది.

"విషయం విను. నీళ్ల మీద తేలుతూ ఓడలకు దారి చూపే బోయ్‌లలో ఒకదాని లోపల మన డైవర్‌కి ఒక పెట్టె దొరికింది. రేడియోలో ఆర్డర్ అందగానే అది ఓడకు తప్పుడు దారి చూపిస్తుంది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలీదు. సాయంత్రం పోటుతో పాటు గ్యాస్ ఓడ ఒకటి రేవులోకి వస్తోంది. అది ఇసుక మేట మీదికి ఎక్కిందంటే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు."

"ఆర్డర్ పంపేదెవరు?"

"సరిహద్దు అవతలి ముఠా. సిగ్నల్ మాత్రం ఇక్కడిదే. పది రోజులుగా గాలిలో ఉంది. దాని మీద వినిపించే కాల్‌సైన్, అంటే రేడియో పేరు, భేస్తాన్ పేటలో ఉండే నీరజది. ఆ ట్యూషన్ టీచరే, సరదాకి హ్యామ్ రేడియో నడుపుతుంది."

"అంతదాకా ఓడని ఆపొచ్చుగా మేడమ్?"

"ఆపారు. నువ్వు బయల్దేరావని చెప్పాక వదిలేశారు. అరెస్టు అయిపోయినట్టే అని నేనే మాటిచ్చాను."

"నేనింకా ఆమె ముఖం కూడా చూళ్లేదు."

"చూస్తావుగా," అని హారతి ఫోన్ పెట్టేసింది.

మార్కెట్ మూడో అంతస్తులో ఒక చీరల షోరూమ్ ఉంది. బ్రహ్మచారి కౌంటర్ దగ్గర నిలబడి, "నెమలికంఠం రంగులో జార్జెట్ ఉందా?" అన్నాడు.

"ఉంది. వానలో తడిస్తే రంగు దిగుతుంది," అంది లోపలి నుంచి వచ్చిన యువతి.

కోడ్ కుదిరింది. ఆమె సింధూజ. మూడేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కి సూరత్‌లో చెవులూ కళ్లూ ఆమే. ఆకుపచ్చ పట్టుచీర, మల్లెల వాసన వేసే ఖరీదైన సెంటు, ఎదుటివాడు చెప్పదలచుకున్నది మర్చిపోయేలా చేసే నవ్వు. బ్రహ్మచారి పేరుకి తగ్గ మనిషే కానీ ఆ నవ్వు దగ్గర ఒక క్షణం తడబడ్డాడు. మనం దాచడమెందుకు?

"నీరజ ఒక్కతే కాదు సార్. కిమ్ ఊళ్లో ఒక ఫ్యాక్టరీలో ఆమె మనిషి ఉన్నాడు, రెండో సెట్టు అతని దగ్గరే. పోలీసులకి అడ్రసు పంపేశాను," అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "నీరజలాగే మాదీ కరీంనగర్ వైపు సార్, నేనూ మగ్గం ఇంటి పిల్లనే. మా వాళ్లలో ఇలాంటి మనిషి ఉందంటే సిగ్గుగా ఉంది," అంది.

బ్రహ్మచారి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో భేస్తాన్ చేరాడు. తలుపు తీసిన ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"మా ఫ్రిజ్ మంచిగనే ఉన్నది భయ్యా. నీ వేషమే మంచిగ లేదు. మెకానిక్ గిట్ల పాలిష్ బూట్లు ఏస్కుంటడా?"

బ్రహ్మచారి దాచుకోవడం మానేసి కార్డు చూపించాడు. "సెట్టు ఆపాలి. యాంటెన్నా దించాలి. మీరు నాతో రావాలి."

"దించ," అంది నీరజ. "రాను గూడ. నా లైసెన్సు, నా డాబా, నా యాంటెన్నా. ఏం తప్పు చేసిన్నని దించాలె? సెట్టంటవా, పొద్దటి సంది ఆపే ఉన్నది. లోపలికొచ్చి చూస్కో."

ట్రాన్స్‌మిటర్ ప్లగ్గు తీసి బల్ల మీద పడి ఉంది. పక్కనున్న రిసీవర్ మాత్రం వింటోంది. అందులోంచి సన్నగా మోర్స్ కోడ్ వస్తోంది. నీరజ ఒక్కొక్క అక్షరం వేలితో బల్ల మీద కొట్టి చూపించింది. అది ఆమె కాల్‌సైనే.

"నేను నోరు తెరవకుండనే నా పేరు గాలిల ఎట్ల పలుకుతున్నది? దీన్ని పట్టింది నేను. మీ ఆఫీసుకు కంప్లైంట్ ఇచ్చింది నేను. కంప్లైంట్ ఇచ్చినోళ్లనే పట్కపోతరా మీరు?"

బ్రహ్మచారి కార్డు జేబులో పెట్టేశాడు. తప్పు మనిషిని అరెస్టు చేయడానికి వచ్చాడు. ఆ అరెస్టుని నమ్మి ఓడ బయల్దేరింది.

"దీన్ని మీరెలా పట్టుకున్నారు?"

నీరజ కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. నల్లని తెర మీద ఒక తెల్లని గీత నెమ్మదిగా ముందుకు సాగుతోంది. ప్రపంచంలో హ్యామ్‌లకు ఒక వింత సరదా ఉంది. ఒకరు గాలిలోకి సిగ్నల్ వదులుతారు, దాని ఫ్రీక్వెన్సీని ఎవరు ఎంత కచ్చితంగా కొలుస్తారా అని మిగతావాళ్లు పోటీ పడతారు. సెకనుకి డెబ్బై లక్షల ఊపులుండే సిగ్నల్‌లో ఒక్క ఊపు తేడా వచ్చినా వాళ్లకి నిద్ర పట్టదు. హార్మోనియం శ్రుతికి గొంతు కలిపినట్టు, తెలిసిన సిగ్నల్ పక్కన తెలియనిదాన్ని పెట్టి ఆ తేడా కొలుస్తారు. ఆ పోటీల్లో నీరజకి మంచి పేరుంది.

"మామూలు రేడియోల ఇంటే ఇది ఒక్కతీరుగనే ఉంటది. కొలిస్తే మాత్రం గీత జర పైకి పోతది, జర కిందికి దిగుతది. వాళ్ల కోడ్ ఆ ఎక్కుడు దిగుడుల ఉన్నది." ఆమె హఠాత్తుగా తెరకి దగ్గరగా వంగింది. "అరె! ఇయ్యాల వణుకుతలేదు!"

"ఏది?"

"ఈ గీత. పది దినాల సంది సన్నగ వణుకుతుండె. పక్క షెడ్డు సాంచెలకు మా ఇల్లు అదురుతది గద, నా రిసీవరే ఊగుతున్నదనుకున్న. కింద పరుపు గూడ ఏసిన. ఇయ్యాల సక్కగున్నది."

సాంచెలంటే మరమగ్గాలు. గోడ అవతల ఒక గుజరాతీ సేఠ్ షెడ్డులో అవి ధనధనా కొట్టుకుంటూనే ఉన్నాయి. బల్ల మీది మంచినీళ్ల గ్లాసులో నీళ్లు అదురుతున్నాయి. తెర మీద గీత మాత్రం కదలడం లేదు.

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. వణికింది నీరజ సెట్టు కాదు, అవతలి ట్రాన్స్‌మిటర్. అదెక్కడో మగ్గాల షెడ్డు మీదే ఉంది. ఆ షెడ్డులో ఈరోజు మగ్గాలు ఆగిపోయాయి.

బ్రహ్మచారి కిమ్‌కి వెళ్లిన ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాడు. అవతల మెషీన్ల హోరులో ఆయన అరుస్తున్నాడు. "వినపడట్లేదు సార్! ఫ్యాక్టరీ అంతా నడుస్తోంది!"

"అయితే కిమ్ కాదు," అన్నాడు బ్రహ్మచారి ఫోన్ పెట్టేసి. "ఈరోజు మగ్గాలు ఆపేసినవాళ్లెవరు?"

"మేమే," అంది నీరజ. "ఇయ్యాల మార్కండేయ జయంతి. మా తెలుగు పద్మశాలోళ్లు ఒక్క సాంచె గూడ నడపరు."

బ్రహ్మచారి హారతికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. సింధూజ అబద్ధం చెప్పిందని కూడా చెప్పాడు.

"మూడేళ్ల సోర్సుని అనుమానిస్తున్నావా? ఒక గీత ఊగలేదనా?" హారతి గొంతు గట్టిపడింది. "ఓడ కాలువలోకి వచ్చేసింది, ఇక వెనక్కి తిరగలేదు. ముందు ఆ నీరజని జీపు ఎక్కించు. ఇది ఆర్డర్."

"ఎక్కించను మేడమ్."

"ఏమన్నావ్?"

"ఆమెని అరెస్టు చేయను. నా ఉద్యోగం సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం," అని ఫోన్ ఆపేశాడు. ఆ మాట అన్నాక అతనికి ప్రాణం తేలికపడింది.

సిగ్నల్ బలాన్ని బట్టి దొంగ ఈ చుట్టుపక్కలే అని నీరజ తేల్చింది. కానీ భేస్తాన్‌లో తెలుగువాళ్ల షెడ్లు ప్రతి గల్లీలోనూ ఉన్నాయి. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన విదేశీ డిటెక్టర్ తీస్తే, చుట్టూ ఉన్న మోటార్ల గోలకి దాని ముల్లు నాలుగు దిక్కులా పిచ్చిగా తిరిగింది. బ్రహ్మచారి దాన్ని సంచిలో పడేశాడు.

"ఒక్కటే తొవ్వ," అంది నీరజ మెల్లగా. "మా సాంచెలు నడిపియ్యాలె, ఒక్కొక్క గల్లీవి. ఏ గల్లీ నడిస్తే గీత వణుకుతదో దొంగ ఆడ ఉన్నట్టు." అని తనే నాలుక కరుచుకుంది. "జయంతి నాడు సాంచె ముట్టుమంటే మావోళ్లు కొడతరు."

వీధి చివర ఊరేగింపు ఆగి ఉంది. పూలరథం మీద మార్కండేయుడు, ముందు ఆడవాళ్ల కోలాటం, టెంపో మీద మైకు. కోలాటం ముందు వరసలో కర్రలు ఆడిస్తున్న రాజమ్మ నీరజ అత్తగారు. భర్త పోయాక సొంతంగా మగ్గాలు నడిపి కొడుకుని చదివించిన మనిషి. కోడలు చెవిలో చెప్పింది విని, చేతి కర్రలు పక్కన పెట్టింది.

సంఘం పెద్ద ఒప్పుకోలేదు. "ఏంది రాజమ్మా, ఇయ్యాల సాంచె నడుపుతరా? పాపం తాకుతది."

దొంగకి వినపడకూడదని రాజమ్మ మైకు ఆపించి టెంపో ఎక్కింది.

"మార్కండేయుడు ఎవ్వలి ముందట తల వంచిండు? యముడొచ్చి పాశమేస్తే, లింగాన్ని పట్టుకొని రానంటే రానన్నడు. ఎవడో దొంగ మా కోడలి పేరు పెట్టుకొని ఊరు కాలవెట్ట చూస్తున్నడు. ఎవ్వలి షెడ్డుల కూసున్నడనుకున్నరు? మన షెడ్డులనే కూసున్నడు! మనం చేతులు ముడుసుకుంటే ఆ రథం మీది దేవుడే నవ్వుతడు. పాపమైతే నా నెత్తిన రాయుండ్రి. మా అయ్యలార, సాంచెలు నడుపుండ్రి!"

ఆడవాళ్లు కోలాటం కర్రలు దించారు. తర్వాత సంఘం పెద్దే కండువా భుజాన వేసుకుని తన షెడ్డు వైపు నడిచాడు. "తాళపుచెవి నా దగ్గరనే ఉన్నది," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా.

నీరజ తెర ముందు కూర్చుంది. బ్రహ్మచారి ఫోన్ పట్టుకుని గల్లీలో నిలబడ్డాడు. కొత్త బట్టలతో, నుదుట కుంకుమతో మనుషులు స్విచ్చులు వేశారు. మొదటి గల్లీ మగ్గాలు హోరెత్తాయి.

"లేదు," అంది నీరజ ఫోన్‌లో.

రెండో గల్లీ. "లేదు."

మూడో గల్లీ మొదలైంది. "వణికింది! ఆన్నే ఉన్నది, వదలకు!"

అక్కడున్నవి నాలుగు షెడ్లు. ఒక్కొక్కటే ఆపుతూ వచ్చారు. చివరి షెడ్డు ఆగగానే గీత నిలిచిందని, మళ్లీ వేయగానే ఊగిందని నీరజ చెప్పింది. ఆ షెడ్డు యజమాని మల్లేష్ నుదురు తుడుచుకున్నాడు.

"పైన రూము కిరాయికిచ్చిన సార్. మంచి పిల్ల. కరీంనగర్ దిక్కు, మనోళ్ల పిల్లే."

ఇనుప మెట్ల దగ్గర మల్లెల సెంటు వాసన వస్తోంది. బ్రహ్మచారికి ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. రాజమ్మ మగ్గం పక్కనున్న పోగులు కత్తిరించే కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది. "నీ పెట్టెలు పనిచేస్తలేవంట గద బిడ్డా. ఇది పట్టుకపో."

అతను మెట్లెక్కుతుంటే జేబులోంచి కెమెరా పెన్ను జారి ఇనుప మెట్ల మీద దొర్లింది. ఆ చప్పుడు మగ్గాల హోరులో కలిసిపోయింది. ఇన్నాళ్లూ ఆమెని దాచిన హోరే ఇప్పుడు అతన్ని దాచింది.

గదిలో సింధూజ తలుపు వైపు వీపు తిప్పి కూర్చుని ఉంది. ముందు ట్రాన్స్‌మిటర్, కిటికీలోంచి బయటికి పోయే వైరు, తెర మీద ఓడ బొమ్మ. ఓడ ఇసుక మేట మలుపు దగ్గరికి వచ్చేసింది. ఆ తెర మీదే అతని నీడ పడింది. ఆమె చటుక్కున తిరిగింది. చేతిలో పిస్టల్ ఉంది.

"ఆ టీచర్ని పట్టుకుపోలేదా?" అని అరిచింది హోరు మీదుగా.

"దారిలో ఊరేగింపు అడ్డొచ్చింది!"

ఆమె ఎడమ చేయి మీట మీదికి పోయింది. బ్రహ్మచారి పక్కనున్న గుడ్డ తానుల దొంతరని కాలితో తన్నాడు. తానులు ఆమె మీద కూలాయి. తూటా పైకప్పు రేకులో దూరింది. పడుతూ పడుతూ ఆమె మీట నొక్కేసింది. ట్రాన్స్‌మిటర్ మీద ఎర్ర దీపం వెలిగింది, ఆర్డర్ గాలిలోకి బయల్దేరింది. బ్రహ్మచారి ఒక్క దూకులో కిటికీ చేరి, యాంటెన్నా వైరుని కత్తెరలో పెట్టి బలమంతా ఉపయోగించి నొక్కాడు.

జేబులోని ఫోన్‌లోంచి నీరజ కేక వినిపించింది. "గీత పోయింది! సగం మాటలనే తెగింది!"

తెర మీద ఓడ బొమ్మ మలుపు తిరిగి, కాలువ మధ్యగా నెమ్మదిగా రేవు వైపు సాగింది. బ్రహ్మచారి కింద పడ్డ పిస్టల్‌ని కాలితో పక్కకి నెట్టి బేడీలు తీశాడు.

సింధూజకి బేడీలు వేసి కిందికి తెచ్చేసరికి గల్లీ అంతా జనం. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. "సాయంత్రం షిఫ్టు మొదలైందనుకున్నాను. మీరు వస్తారనుకోలేదు."

రాజమ్మ ఆమె ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు మనోళ్ల పిల్లవే అయితే, జయంతి నాడు సాంచె సప్పుడు ఇనంగనే గుండె జల్లుమని ఉరికేదానివి. సుఖంగ కూసున్నవు సూడు, ఆన్నే దొరికినవు."

సింధూజ నవ్వు అప్పుడు పోయింది. వెనక ఒక్కొక్క షెడ్డే ఆగిపోతుంటే, కోలాటం మళ్లీ మొదలైంది.

హారతి మేడమ్ ఫోన్ చేసేసరికి బ్రహ్మచారి నీరజ ఇంటి డాబా మీద ప్రసాదం తింటున్నాడు.

"ఓడ చేరింది. మంత్రిగారు మెచ్చుకున్నారు. నీ ఉద్యోగం ఉంది," అంది. తర్వాత కాస్త నసిగింది. "ఒక్క చిక్కు. ఆ టీచర్ యాంటెన్నా దించాలన్న ఆర్డర్ ఇంకా రద్దు కాలేదు. పై సంతకం కావాలి. అప్పటిదాకా దించి ఉంచమని ఆమెకి చెప్పు."

బ్రహ్మచారి తలెత్తి చూశాడు. నీరజ కొంగు బిగించి పిట్టగోడ మీద నిలబడి ఉంది. రాజమ్మ కింద నుంచి వెదురు గడ అందిస్తోంది.

"చెప్పాను మేడమ్," అన్నాడు. "రెండోది కడుతున్నారు."