తలగడ వైపు గోడ

ఆ మలుపింటి వెనకగదిలో అద్దెకు దిగినవాళ్లు నెల తిరక్కుండా పారిపోతారని వీధంతా చెప్పుకునేది. పొద్దుగూకితే చాలు ఒకటే కంపు... గోడలోంచి సన్నగా మూలుగు. ఇంటాయన వదిన ఆ గదిలోనే పోయింది. తన వాటా వదలనని భీష్మించుకున్న మనిషి, ఓ వానరాత్రి కిటికీలు మూసుకుని పడుకుని మళ్లీ లేవలేదు.

ఇది మా బావ చెప్పిందే. బావ ప్లంబరు. కోతలు కోసే మనిషి కాదు. కోసినా మా అక్క ఊరుకోదు.

ఆమధ్య ఓ రోజు, మర్నాడే ఆ గదిలోకి పసిబిడ్డతో ఓ జంట దిగాల్సి ఉంది. అందుకని ఇంటాయన — మీసాలాయన అంటారు — బావని పిలిపించాడు.

"కంపు పోవాలి, అంతే. తలగడ వైపు గోడ మాత్రం ముట్టుకోకు. దానికి నేనే స్వయంగా పూత పూశాను."

బావకో పద్ధతుంది. మరుగుదొడ్డి కంపును, విషగాలిని మేడ మీదకు వదిలే వెంట్ పైపులో, పైనుంచి పుదీనా నూనె, వెనకే వేణ్నీళ్లు పోస్తాడు. పైపు ఎక్కడ లీకైతే అక్కడ పుదీనా గుప్పుమంటుంది. పోసినవాడు మాత్రం వాసన చూడకూడదు — వాడి ఒళ్లే వాసన కొడుతుంటే ఇంకేం తెలిసి చస్తుంది!

"మీరు గదిలో ఉండండి" అని మీసాలాయనకి చెప్పి బావ మేడెక్కాడు. చీకటి పడుతోంది. నూనె పోశాడు. నీళ్లు పోశాడు. పైపు మీదకి వంగి అరిచాడు.

"వస్తోందాండీ?"

పైపులోంచి... ఆడగొంతు.

"వస్తోంది నాయనా... తలగడ దగ్గరే. గోడలో."

పెళ్లాన్ని పంపి తను తప్పించుకున్నాడన్నమాట! బావ నవ్వుకుంటూ దిగాడు.

మీసాలాయన గేటు దగ్గరే ఉన్నాడు. ఒక్కడే.

"మీ ఆవిడ చెప్పారు లెండి, ఎక్కడో."

"మా ఆవిడ పుట్టింట్లో ఉంది..." ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. "గది నేనింకా తెరవనే లేదు."

బావ పరుగో పరుగు అనుకున్నాడట. కానీ రేపు అక్కడ పడుకోబోయే పసిగుడ్డు గుర్తొచ్చింది. తాళంచెవి లాక్కుని లోపలికెళ్లి, తలగడ వైపు గోడకే ఉలి పెట్టాడు.

"వద్దన్నానా!" అంటూ మీసాలాయన వెనకే పరిగెత్తుకొచ్చాడు.

పూత ఊడింది. పైపు పగల్లేదు... చీలలేదు. రంపంతో నున్నగా కోసి ఉంది. జానెడు ముక్క మాయం. ఆ ఖాళీ నుంచి మంచం వైపుకి, పూతలో ఓ బెజ్జం.

"నీ చేత్తోనే పూశావు కదరా" అన్నాడు బావ.

"కంపు భరించలేక వెళ్లిపోతుందనుకున్నా... చచ్చిపోతుందనుకోలేదు!"

అప్పుడు కోసిన పైపులోంచి, చెవి పక్కనే చెప్పినట్టు —

"పైపు నువ్వు చూసుకో నాయనా. పసిబిడ్డ జాగ్రత్త. మా మరిదిని... నేను చూసుకుంటాను."

బావ కొత్త ముక్క వేసి అతికించాడు. బెజ్జం పూడ్చాడు. ఆ బిడ్డ ఇప్పుడు ఆ గదిలో హాయిగా నిద్రపోతోంది. కంపూ లేదు, మూలుగూ లేదు.

మీసాలాయనకే నిద్ర లేదు. నూనె సీసా ముట్టనైనా ముట్టని మనిషి — రాత్రయ్యేసరికి ఆయన తలగడ దగ్గర ముందు పుదీనా గుప్పుమంటుంది... వెనకే ఆ కంపు. కిటికీలన్నీ బార్లా తెరుచుకుని, ఊపిరాడక నోరు తెరుచుకుని కూర్చుంటాడట.

పోయినవారం బావని మళ్లీ పిలిచి కాళ్లు పట్టుకున్నాడు. బావ ఆయన పడగ్గది గోడలన్నీ కొట్టి చూశాడు.

ఆ గది గోడల్లో ఎక్కడా పైపే లేదు.