సముద్రం సరుకు

"ఇంకా! ఇంకా స్పీడు పెంచు సారూ!"

వెనక సీట్లోంచి ముసలి వాచర్ పగిడయ్య అరుస్తున్నాడు.

ఫారెస్టు గార్డు లచ్చిరాం రాజ్‌దూత్‌ బైకు యాక్సిలరేటర్ మెలిపెడుతున్నాడు.

ముందు లారీ. కళ్ళ నిండా ఎర్రదుమ్ము!

టేకు దుంగలు... పక్కా సమాచారం! దీనికోసమే గోదావరి మడుగు దగ్గర కాపలా వదిలేసి వచ్చారు. అక్కడ నీళ్ళలో మందుగుండు తోటాలు పేల్చి చేపలు పట్టే ముఠా ఉంది. ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకున్నారు.

మణుగూరు రైల్వే గేటు!

గేటు పడి ఉంది. బొగ్గు వ్యాగన్లు తీరుబడిగా కదులుతున్నాయి.

లారీ చచ్చినట్టు ఆగుతుంది.

లచ్చిరాం పైకెక్కి టార్పాలిన్ లాగుతాడు.

టేకు లేదు!

తాబేళ్ళు... చాటంతేసి తాబేళ్ళు! వెల్లకిలా పడేసి, రెక్కల్లాంటి కాళ్ళకి చిల్లులు పొడిచి, తాళ్ళతో కట్టేశారు.

"సముద్రం సరుకండీ బాబూ," డ్రైవర్ చేతులు జోడిస్తాడు. "హైవేలో చెకింగని ఇటొచ్చాను. అడవిది కాదుగా... మీకెందుకండీ?"

ట్రైనింగులో చెప్పారు. చట్టానికి సముద్రపు తాబేలూ, పులీ ఒకటే. లచ్చిరాంకి చెయ్యి చేసుకోవాలనిపిస్తోంది.

"సముద్రంలో బోలెడున్నాయండీ!"

"మా గోదాట్ల గూడ గట్లనే అనుకున్నం," పగిడయ్య కసురుతాడు. "ఇప్పుడు వలేస్తే రాళ్ళొస్తున్నయ్!"

ఇరవై రెండు. ఊపిరున్నవి ఆరే!

సముద్రం రెండొందల కిలోమీటర్ల పైమాటే. అంతదాకా బతకవు.

"గోదారి యాడికి పోతది సారూ? సముద్రానికే గద! జల్దీ!"

మధ్యలో ఆనకట్ట ఉంది. ఎండాకాలం ధార మోకాలు కూడా తడపదు. లచ్చిరాంకి తెలుసు. అయినా... ఇక్కడ ఎండిపోయి చావడం కంటే నయం!

"తిప్పరా లారీ!"

లోతున్నది తాము కాపలా కాసే ఆ ఒక్క మడుగులోనే. అక్కడికే తోలిస్తాడు.

తాళ్ళు కోసి, ఒక్కోదాన్నీ మోసుకెళ్ళి నీళ్ళలో వదులుతున్నారు. ఐదు మునిగాయి. ఆరోది కదలదు...

పగిడయ్య దాని తల మీద నీళ్ళు చల్లుతున్నాడు. "లే తల్లీ... లే!"

కన్ను తెరుస్తుంది. రెక్క ఆడిస్తుంది... మునుగుతుంది!

"బతికినయ్ సారూ!" ముసలాడు ఏడ్చేస్తున్నాడు.

లచ్చిరాం నవ్వబోతాడు.

అవతలి గట్టు... బండ చాటునుంచి ఎవడో లేస్తున్నాడు. నోట్లో బీడీ. చేతిలో తోటా!

కాపలా లేదని పొద్దున్నే తెలుసుకుని వచ్చినట్టున్నాడు.

బీడీ తీసి వత్తికి ఆనిస్తున్నాడు.

"ఒరేయ్! ఆగరా! ఎయ్యకు!" లచ్చిరాం అరుస్తాడు.

వాడు విసిరేశాడు.

ధడేల్!!

నీళ్ళు గుడిసె ఎత్తు లేచి పడ్డాయి.

ముందు చేపలు తేలాయి.

తర్వాత ఒక పాలిపోయిన పొట్ట... ఇంకొకటి... ఇంకొకటి...



ఆరూ తేలాయి.