మూడో హారన్

ఇంగోల్‌స్టాట్ చుట్టుపక్కల పనిచేసే మన తెలుగువాళ్ళ దగ్గర 'నాలుగో హాలు' అన్న మాట ఊరికే ఎత్తకండి. అది కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఒక హాలు. పగలంతా బుద్ధిగానే ఉంటుంది. రాత్రి మూడు గంటల పది నిమిషాలకు మాత్రం... ఎవరూ స్విచ్ నొక్కకుండానే అక్కడ బెల్టు కదులుతుంది.

ముందు హారన్ రెండుసార్లు మోగుతుంది. తర్వాత బెల్టు నలభై సెకన్లు నడిచి ఆగుతుంది. ఆఖర్న, చిన్నగా — ఇంకో హారన్. జర్మనీ దెయ్యం కదా, చెప్పాపెట్టకుండా రాదు. వచ్చేముందు హెచ్చరిక, పోయేముందు వీడ్కోలు.

ఇదంతా నాకు చెప్పింది మనోజ్ఞ, ఫ్యాక్టరీల్లో పాత కంట్రోలర్లు మార్చే ఇంజనీరు. మేమిద్దరం ఎక్కిన మ్యూనిక్ రీజినల్ రైలు అలవాటు ప్రకారం మధ్యలో ఆగిపోయింది కాబట్టి కథ మొత్తం విన్నాను. విన్నది విన్నట్టే చెప్తున్నాను.

ఆ బెల్టుని నడిపే కంట్రోలర్, అంటే మెషీన్‌కి బుర్రలాంటి డబ్బా, పాతికేళ్ళ నాటిది. పక్క మెషీన్లన్నీ నెట్‌వర్క్‌లో కబుర్లు చెప్పుకుంటుంటే ఇదొక్కటే మూతి ముడుచుకుని కూర్చుంది. దాన్ని తీసి, కొత్తది పెట్టి, నెట్‌వర్క్‌లో కలపాలి. హాలు రోజూ రాత్రి నాలుగైదు గంటలు ఆగుతుంది కానీ, ఇంత పని పట్టేంతసేపు ఆగేది శనివారం రాత్రి ఒక్కటే. అందుకని పని కూడా ఆ రాత్రే.

ఆ పనికి మనోజ్ఞ కంటే ముందు ఆమె ఆఫీసులోని తెలుగువాళ్ళే ఇద్దరు వెళ్ళారు. రోహిత్ అయితే హారన్ మోగగానే హెల్మెట్‌తో సహా పార్కింగ్‌లో తేలాడు. ఇప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఎక్సెల్ షీట్లు చూసుకుంటున్నాడు. కౌశల్ కొంచెం ధైర్యస్థుడు. తెల్లారేదాకా ఆగి, అప్పుడు క్రాంక్‌మెల్డుంగ్, అదే సిక్ లీవు చీటీ, పంపాడు — జ్వరమని.

దెయ్యం ఎవరో కనిపెట్టింది కూడా వీళ్ళిద్దరే. హాలు గోడ మీద ఒక ముసలాయన ఫోటో ఉంది. కింద పేరు, క్రైట్‌మయర్. ఆ మెషీన్‌కి మొదట ప్రోగ్రాం రాసిన ఎలక్ట్రీషియన్. ఫోటోకి ఫ్రేమ్ కట్టారు. ఫ్రేమ్ పైన ఎండిపోయిన పూలగుత్తి... ఇంక చెప్పేదేముంది! తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆయన 'గోడమీది తాత' అయిపోయాడు.

మనోజ్ఞది వరంగల్. ఆమె ప్రొబెత్సైట్, అదే ఆరు నెలల పరీక్షాకాలం, ఆ సోమవారంతో ముగుస్తుంది. ఆదివారం పొద్దున ఆరింటికి కొత్త కంట్రోలర్‌తో హాలు నడవకపోతే ఉద్యోగం ఉండదని బాస్ నవ్వుతూనే చెప్పాడు. ఉద్యోగం పోతే బ్లూ కార్డు వీసాకి ఇంకో మూడు నెలలే ఊపిరి.

"దెయ్యం ఏం జేస్తది? మహా అయితే పీక పిసుకుతది. బాస్ అట్ల కాదు," అంది నాతో.

జనవరి. బయట మైనస్ ఏడు. తోడుగా జెప్ ఉన్నాడు, నైట్ షిఫ్టు మెయింటెనెన్స్ మనిషి. బవేరియావాడు, రాత్రికి ఇరవై మాటలు మించి ఖర్చు పెట్టడు. అతని బల్ల మీద షిఫ్టు పుస్తకం. మనోజ్ఞ ఊరికే తిరగేసింది.

'3:10 — ఎర్ వార్ డా.' అంటే, వచ్చాడు. కింద సంతకం.

ముందు పేజీలో... వచ్చాడు. దాని ముందు పేజీలో... వచ్చాడు. పదకొండేళ్ళుగా! దెయ్యానికి కూడా హాజరుపట్టీ పెట్టిన దేశం ఇంకోటి ఉండదు.

టర్కీ కొట్లో కొన్న నిమ్మకాయ జేబులోంచి తీసి, జెప్ చూడకుండా, ఫోటో కింద పెట్టింది.

"తాతా... నీ డబ్బా తీస్తున్న. ఏమనుకోకు. ఆరింటిదాంక ఓపిక పట్టు," అని గొణిగింది.

ఒంటిగంటకు పాత కంట్రోలర్ బయటికొచ్చింది. రెండున్నరకు కొత్తది లోపల కూర్చుంది. పచ్చ కేబుల్ టక్కున తగిలించగానే లాప్‌టాప్‌లో హాలు మొత్తం కనిపించింది. మనోజ్ఞకి ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో.

మూడు తొమ్మిది. జెప్ పుస్తకం తెరిచి పెన్ను మూత తీశాడు.

"వస్తాడా?"

"ఎప్పుడూ వస్తాడు."

మూడు పది.

హారన్ లేదు. బెల్టు కదల్లేదు. మూడు పదకొండు... జెప్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. రాని దెయ్యం కోసం దిగులుపడుతున్న మనిషిని మనోజ్ఞ అప్పుడే చూసింది.

అప్పుడు — కంట్రోలర్ ఉండే ఇనప బీరువా అడుగునుంచి ఏదో కీచుమని అరిచింది.

ఆగింది. మళ్ళీ అరిచింది. మనోజ్ఞ టార్చి వేసింది. కేబుళ్ళ వెనక దుమ్ములో కూరుకుపోయిన చిన్న బూడిదరంగు పెట్టె. దాని మీద ఎర్ర లైటు కన్ను కొడుతోంది. మూడోసారి అరిచి, నోరు మూసుకుంది.

వెంటనే గోడ మీది టెలిఫోన్ మోగింది. జెప్ లేచేలోపే ఆమె ఎత్తేసింది.

"హలో..."

ఊపిరి. ముసలి ఊపిరి.

"నా మెషీన్‌ని ఎవరు చంపారు?"

"మీ... మీరెవరు?"

"క్రైట్‌మయర్."

రిసీవర్ జారి గోడకి వేలాడింది. మనోజ్ఞ నోటెంట వచ్చింది జర్మన్ కాదు. "ఓ అవ్వా... సచ్చినాయన ఫోన్ జేసిండే!"

జెప్ తాపీగా వచ్చి రిసీవర్ అందుకుని పలకరించాడు. "సెర్వుస్. మార్చేశారు... లేదు, అమ్మాయి మంచిదే. భయపడింది." తర్వాత మనోజ్ఞవైపు చూశాడు. "ఎందుకు భయం?"

"ఆయన... చనిపోయాడు కదా!"

"ఎవరు చెప్పారు? అది రిటైరైన రోజు తీసిన ఫోటో. ఆ పూలు మేమే ఇచ్చాం."

"మరి మావాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు. పరిగెత్తారు." జెప్ గొంతు తగ్గించాడు. "ఐటీవాళ్ళకి తెలిస్తే తీగ కోసేస్తారు."

సంగతి ఇంతే. చలికి రోలర్లలో గ్రీజు బిగుసుకుంటుంది. రాత్రి ఒకసారి తిప్పకపోతే పొద్దున మోటారు మొరాయిస్తుంది. రిటైరయ్యాక నిద్రపట్టని క్రైట్‌మయర్ రోజూ ఇంట్లోంచి ఆ బూడిదరంగు పెట్టెకి, అంటే పాత టెలిఫోన్ మోడెంకి, ఫోన్ చేసి మెషీన్‌ని కాసేపు నడిపించేవాడు. మొదటి రెండు హారన్లు మనుషులు తప్పుకోవడానికి. ఆఖరిది జెప్‌కి గుడ్‌నైట్. లక్షల యూరోలు పోసి ఫైర్‌వాల్ కట్టుకున్న ఫ్యాక్టరీలోకి ఒక తాత టెలిఫోన్ తీగ పట్టుకుని పదకొండేళ్ళు వచ్చిపోయాడు.

మనోజ్ఞ సంతకం పెట్టాల్సిన కాగితంలో ఒక ప్రశ్న ఉంది. బయటినుంచి లోపలికి వచ్చే దారి ఇంకేదైనా ఉందా? ఉంది అని రాస్తే విచారణ, ఆరింటికి హాలు నడవదు, ఆమె ఇంటికే. లేదు అని రాయాలంటే ఆ మోడెం పీకాలి.

రిసీవర్ తీసుకుంది.

"సార్, దీన్ని తీసెయ్యాలి. మీరు చేసే పని నేను మెషీన్‌కి నేర్పిస్తాను."

అవతల ముసలి గొంతు బేరానికి దిగింది.

"నలభై సెకన్లు. తగ్గకూడదు."

"తగ్గదు."

"జెప్‌కి గుడ్‌నైట్?"

హెచ్చరికకు తప్ప హారన్ వాడకూడదని కొత్త నియమం. "అది... మెషీన్ చెప్పేది కాదు కదా, సార్."

"నిజమే," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ 'నిజమే' ఇప్పటికీ చెవిలో ఉందని చెప్తూ మనోజ్ఞ రైలు కిటికీలోంచి బయటికి చూసింది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? మోడెం పీకింది. తీగ చుట్టేసి చెత్తడబ్బాలో వేసింది. 'లేదు' అని రాసి సంతకం పెట్టింది. సిగ్గుపడుతూ నిమ్మకాయ కూడా తీసేసింది. ఆరింటికి హాలు నడిచింది, ఉద్యోగం నిలిచింది.

మార్చిలో క్రైట్‌మయర్ పోయాడు. ఈసారి నిజంగానే.

ఆ వారమే, శనివారం రాత్రి, మనోజ్ఞకి అదే హాల్లో ఇంకో మెషీన్ పని పడింది. వెళ్తూ వెళ్తూ గులాబీలు కొని, దారంతో దండ కట్టి, ఫోటోకి వేసింది. జెప్ టోపీ తీశాడు.

మూడు పదికి హారన్ రెండుసార్లు మోగింది. బెల్టు నడిచింది. నలభై సెకన్లు... ఆగింది. అంతా తను రాసిన ప్రోగ్రామే, తెలుసు. బ్యాగు సర్దుకోవడానికి వంగింది.

అప్పుడు, చిన్నగా — ఇంకో హారన్.

లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాం మొదటినుంచి చివరిదాకా చదివింది. మూడో హారన్ ఎక్కడా లేదు. నెట్‌వర్క్‌లో ఎవరూ లేరు. బీరువా అడుగున మోడెం పెట్టిన చోట దుమ్ములో నలుచదరపు మచ్చ ఒక్కటే ఉంది. వెనక్కి తిరిగేసరికి జెప్ అప్పటికే పుస్తకంలో రాస్తున్నాడు.

'3:10 — ఎర్ వార్ డా.'

రైలు కదిలింది.

"మరి ఎవరికైనా రిపోర్ట్ చేశావా?" అన్నాను.

మనోజ్ఞ నావైపు జాలిగా చూసింది.

"ఏమని జెయ్యాలె? బయట్నుంచి లోపలికొచ్చే తొవ్వ ఏదీ లేదని సంతకం పెట్టింది నేనే గదా."