సొరుగులో లేని కార్డు

కార్డు సొరుగులో లేదని రాగిణికి తెలుసు. తన హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పులో ఉందని తెలిసే, "సొరుగులోనే పెట్టాను, సరిగ్గా చూడు" అని మైత్రికి ఫోన్‌లో చెప్పింది. ఏడాది దాటినా ఈ నిజం ఎవరి ముందూ ఆమె నోరు దాటి రాలేదు.

అమెరికాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఇద్దరూ ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లు. వంటింటి గోడకి కరెంటు ప్రీపెయిడ్ డబ్బా ఉండేది. లాబీలోని మెషీన్‌లో కార్డు రీచార్జ్ చేసి తెచ్చి అందులో దూరిస్తే కీచుమని ఒక్క కూత కూసేది. మర్చిపోతే ఏసీ ఆగిపోయేది.

పోయిన ఏడాది జూలైలో ఒక పార్టీలో మైత్రి అందరి ముందూ, "మా రాగిణి మధ్యలో కాలేజీ మానేసిందిగా, యూట్యూబే దాని యూనివర్సిటీ" అంది. అందరూ నవ్వారు. రాగిణీ నవ్వింది. మర్నాడు, డబ్బాలో బ్యాలెన్స్ ఆ పూటతో అయిపోతుందనగా, కార్డు బ్యాగ్‌లో వేసుకుని పక్క రాష్ట్రంలోని డబ్లిన్‌లో ఫ్రెండ్ ఇంటికి ఫ్లైట్ ఎక్కేసింది. ఒక్క పూట చెమటలు పడితే తెలిసొస్తుంది అనుకుంది. అంతే అనుకుంది. మధ్యాహ్నం మూడింటికి మైత్రి ఫోన్ చేసి కార్డేదని అడిగితే ఆ సొరుగు మాట చెప్పింది. మైత్రికి ఆ ఉదయమే జ్వరం వచ్చిందని ఆమెకు తెలియదు. తిరిగొచ్చేసరికి మైత్రి బాత్రూమ్ టైల్స్ మీద, తడిపిన చున్నీ ముఖాన కప్పుకుని ఉంది. చున్నీ అప్పటికి ఎండిపోయింది.

"చిన్నప్పట్నుంచీ దానికి మతిమరుపేనమ్మా. కార్డు ఎక్కడ పడేసుకుందో ఏమో" అని గుంటూరు నుంచి ఫోన్‌లో మైత్రి వాళ్లమ్మ ఉమామహేశ్వరి ఏడ్చింది.

"ఊఁ, ఆంటీ" అంది రాగిణి.

ఆ తర్వాత అపార్ట్‌మెంట్ వాళ్లు డబ్బాలన్నీ పీకేసి స్మార్ట్ మీటర్లు పెట్టారు. ఇక కార్డుతో పనిలేదు. ఏ గంటలో ఎంత కరెంటు కాలిందో ఫోన్‌లో యాప్ చూపిస్తుంది. గోడ మీద నాలుగు స్క్రూ కన్నాలు మిగిలాయి. కార్డుని మాత్రం రాగిణి పారేయలేకపోయింది.

యాప్‌లో రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా గీత నిటారుగా లేచేది. ఆ వేళకి ఇంట్లో ఎవరూ ఉండరు. మీటర్ కొత్తది కదా, తప్పు చూపిస్తోందేమో అని సరిపెట్టుకుంది.

ఒకరోజు పక్కింటి చాముండేశ్వరి ఆంటీ మెట్ల దగ్గర ఆపింది. "ఏమే, మిట్టమధ్యాహ్నం ఆ సొరుగులేం సర్దుతావు రోజూ? నా కునుకు పోతోంది."

"నేను ఆఫీస్‌లో ఉంటాను ఆంటీ."

"అయితే ఎలుకలకి ఉద్యోగం దొరికిందేమో."

మర్నాడు రాగిణి సెలవు పెట్టింది. రెండున్నరకి మెయిన్ బ్రేకర్ దించేసింది. ఫ్రిజ్ మూలుగు ఆగింది. బయట నూటపదహారు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. బ్లైండ్స్ సందుల్లోంచి తెల్లటి వెలుతురు. ఇల్లు మెల్లగా ఉడకసాగింది.

మూడైంది.

ముందు వాసన వచ్చింది. తడి చున్నీ వాసన... తలనొప్పి బామ్ వాసన. తర్వాత చెంచాల సొరుగు ఒక జానెడు ముందుకు జరిగింది. లోపల గలగల. మూసుకుంది. రెండోది. పచ్చడి సాషేలు, కెచప్ పొట్లాలు అటూ ఇటూ కదిలాయి. మూసుకుంది. మూడోది...

ఏ చేతులూ కనబడలేదు. సొరుగు అంచున తడి వేళ్ల ముద్రలు మాత్రం పడుతున్నాయి... ఆరిపోతున్నాయి.

సరిగ్గా చూడు అంది తను. ఇంకా చూస్తోంది.

"మైత్రీ..." ఒక అడుగు ముందుకు వేసింది. "కార్డు అక్కర్లేదే ఇప్పుడు. మీటర్ మార్చేశారు..."

నాలుగోది తెరుచుకుంది.

రాగిణి బ్యాగ్ జిప్పు లాగి కార్డు తీసింది. ఆ సొరుగులో పెట్టింది. "ఇదిగో. నా దగ్గరే ఉంది. మొదట్నుంచీ నా దగ్గరే..."

సొరుగు మూసుకుంది.

స్క్రూ కన్నాలు తప్ప ఏమీ లేని గోడలోంచి కీచుమని ఒక్క కూత. దించిన బ్రేకర్ దించినట్టే ఉంది. నెత్తిమీద ఏసీ చల్లగా వీచింది.

రాగిణి నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అయిపోయిందనుకుంది.

చెంచాల సొరుగు మళ్లీ జానెడు ముందుకు జరిగింది.

"దొరికింది కదే... ఇంకా ఏం వెతుకుతున్నావ్?"

ఒక్కొక్క సొరుగే తెరుచుకుంటోంది. మతిమరుపేనమ్మా అన్న గొంతు రాగిణి చెవిలో మెదిలింది. తను ఊఁ కొట్టడం కూడా.

గుంటూరులో ఇప్పుడు తెల్లవారుజాము మూడున్నర. ఆంటీ నిద్రలో ఉంటుంది... ఉండదు, కూతురు పోయాక ఆమెకి నిద్రెక్కడిది. ఇవాళ చెప్పేయాలి. రాగిణి ఫోన్ కోసం చెయ్యి చాపింది.

ఫోన్ తడిగా ఉంది. దాని మీద ఉమామహేశ్వరి ఆంటీ నంబరు అప్పటికే తెరిచి ఉంది.