అలివేలు నేర్చుకున్న ఇంగ్లీషు

ముత్తియాల్‌పేటలో తువాళ్ల కొట్టు తలుపులు తీసి, గడప ముందు నీళ్లు చల్లి కూర్చోగానే అలివేలు మొదటి పని కూతుర్ని కేకేయడం.

"పాప్పా, ఈ పొద్దు మాట ఏంది?"

భర్త పోయాక కొట్టు ఆమె మీదే పడింది. విదేశీయులు దిగే వైట్ టౌన్ నుంచి సైకిళ్ల మీద వచ్చే దొరసానుల ముందు ఊరికే నవ్వుతూ నిలబడటం ఆమెకు నామోషీ. అందుకే బి.ఏ. చదివే కూతురు గిరిజ దగ్గర రోజుకో మాట నేర్చుకునేది. సాఫ్ట్ అంటే మెత్తన, రఫ్ అంటే గరుకు, థిన్ అంటే పలుచన. చదవడం రాదు గనుక తువాళ్లు మడతపెడుతూ పైకే వల్లె వేసేది. స్నేహితురాళ్లు వీధిలో వెళ్తూ అది వింటే గిరిజకు తల కొట్టేసినట్టుండేది. తల్లి కష్టం మీద చదువుకునే పిల్లకు తల్లి గొంతే బరువైపోయింది మరి!

ఒక ఉదయం గిరిజకు కాలేజీకి ఆలస్యమవుతుంటే అలివేలు ముచ్చటపడి అడిగింది. "తువాలుకి ఇన్ని మాటలుండాయే, నాకొకటి లేదా?"

"ఎందుకు లేదు? ఇగ్నొరెంట్. ఓపికగలదని అర్థం," అనేసి, నవ్వు దాచుకుంటూ గిరిజ వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయింది. అలివేలు మరవలేదు.

ఆదివారం కమలమ్మాళ్ కొట్టుకు వచ్చింది. వీధి చివర చిన్నపిల్లల ఇంగ్లీషు బడి ఆమెదే. పరీక్షలు కాగానే గిరిజకు టీచరు పని ఇస్తానని అంతకుముందే మాటిచ్చింది. అలివేలు సంబరంగా ఎదురెళ్లి, కూతురు తనకూ ఇంగ్లీషు నేర్పుతోందని చెప్పుకుంది. ఆపైన గుండె మీద చెయ్యి వేసుకుని, "ఐ ఇగ్నొరెంట్," అంది. "ఓపికగలదాన్నంట, టీచరమ్మా. పాప్పానే చెప్పింది."

కమలమ్మాళ్ నవ్వలేదు. కొట్టులోనే ఉన్న గిరిజ వైపు తిరిగింది.

"దాని అర్థం మీ అమ్మకు సరిగ్గా చెప్పు. నేనుండంగానే చెప్పు."

టీచరమ్మ ముందు గిరిజకు మళ్లీ బొంకడానికి వీల్లేకపోయింది. "ఏమీ తెలియనిదని అర్థం," అంది నేల చూస్తూ.

అలివేలు చేతిలో తువాలు ఒక్క క్షణం ఆగింది. "అట్నా," అని మడత పూర్తి చేసింది. టీచరమ్మ ఎంచుకున్న ఎర్ర తువాలు మొదటి ఉతుకులో రంగు పోతుందని, విడిగా తడపమని చెప్పి చేతికిచ్చింది. పని సంగతి తర్వాత చూద్దామని కమలమ్మాళ్ వెళ్లిపోయింది.

"తమాషాకన్నానమ్మా," అంది గిరిజ.

"రంగు పోయేదైతే పోతాదనే చెప్తాను నేను. కొనేవాళ్లకు తెలీదులే అని ఒక్కనాడు దాచలేదు. నాకు తెలీదని తెలిసే గదా నువ్వు అట్ల చెప్పినావు?" అంది అలివేలు. "కొట్టుకొచ్చిన దొరసానులకంతా చెప్పుకుంటినే, పాప్పా. నా కూతురు నన్నిట్ల అనిందని."

గిరిజకు సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చెయ్యి జారిన ఉద్యోగం ఆమెకు గుర్తు కూడా రాలేదు. ఆ దొరసానులు జాలిగా చూసి ఉండే చూపులే కళ్ల ముందు మెదిలాయి. వాటిని మెప్పనుకుని తల్లి ఎంత మురిసిపోయిందో తలుచుకుని ఆ రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు కొట్టు తలుపులు తెరుచుకున్నాయి, నీళ్లు చల్లిన చప్పుడైంది. కేక మాత్రం రాలేదు. చాలాసేపు లోపలే ఎదురుచూసిన గిరిజ బయటికి వచ్చి తల్లి పక్కన కూర్చుని ఒక తువాలు అందుకుంది.

"మాట అడగవా అమ్మా?"

అలివేలు చేతిలో మడత పూర్తి చేసి ఇంకో తువాలు తీసుకుంది.

"చెప్పు. అయితే ముందర అర్థం చెప్పు. మాట తర్వాత."

"చేసిన పనికి..." గిరిజ ఒళ్లోని తువాలు వైపు తల దించుకుంది. "చేసిన పనికి కన్నతల్లి మొహం చూడలేకపోవడం."

"దాన్నేమంటారు?"

"అషేమ్డ్."

అలివేలు ఆ మాటను రెండుసార్లు నెమ్మదిగా పలికి చూసింది. చేతిలో ఉన్న కొత్త తువాలుతోనే కూతురి కళ్లు తుడిచింది.

"ఇది తువాళ్లకు పనికిరాదు పాప్పా. వేరేది చెప్పు."